కుట్టు పడవ శిల్పం, భీమిలి ఒడ్డు: పని డైరీ

ఒడ్డు దగ్గర ఇనుప శిల్పం పెట్టే పని నెత్తిన వేసుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కొలతలు, బరువులు, ఖర్చులు ఉన్నవి ఉన్నట్టు ఇచ్చాను. పనికొచ్చినవాటి కంటే పనికిరాకుండా పోయినవే ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే డబ్బు పోయింది అక్కడే.

చేస్తున్నది మసూలా పడవ. రేవు కట్టని రోజుల్లో ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకునీ మనుషులనీ కెరటాల మీదుగా ఒడ్డుకు చేర్చినవి ఈ పడవలే. మచిలీపట్నం, మద్రాసు, ఇటు మన తీరం, అన్నిచోట్లా ఇదే వాడుక. విశాఖలో 1933లో రేవు తెరుచుకున్నాక ఆ పని తగ్గింది. వల వేయడానికి మాత్రం కుట్టు పడవలు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచాయి. దీనిలో మేకు ఉండదు, లోపల పక్కటెముకల్లాంటి కట్టూ ఉండదు. మామిడి పలకల అంచుల్లో రంధ్రాలు చేసి, అతుకు మీద గడ్డో పీచో పరిచి, కొబ్బరి తాడుతో కుడతారు. కెరటం కొట్టినప్పుడు పడవ మొత్తం కాస్త వంగి మళ్ళీ సర్దుకుంటుంది. ఓడలు వెంట తెచ్చుకునే, గట్టిగా బిగించిన పడవ ఇదే ఇసుక మీద పగిలిపోతుంది.

ముందు చాలామంది యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీది రెండు తెరకొయ్యల ఓడ పెట్టమన్నారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ రెండు తెరకొయ్యలంటే గాలికీ పిడుగుకీ రెండు చేతులెత్తి పిలిచినట్టే. పైగా ఆ నాణెం బొమ్మ ఇప్పటికే పుస్తకాల అట్టల మీద అరిగిపోయింది. కుట్టు పడవ గురించి భీమిలి పిల్లలకే తెలియదు. అందుకే దీన్ని ఎంచుకున్నాం.

## మొదటి దశ: ఎంత ఎత్తు, ఎంత గాలి

పాత పడవలు 30 అడుగులు పైచిలుకు పొడవు, పదడుగుల వెడల్పు ఉండేవి. మేం తీసుకున్నది దాదాపు అసలు కొలతే: పొడవు 9 మీటర్లు, వెడల్పు 2.7, లోతు 1.8. ముక్కు పైకి లేచి, కెరటం ఎక్కుతున్నట్టు వాలుగా నిలబడాలి. మొదటి బొమ్మలో ముక్కు కొస నేల నుంచి 8.5 మీటర్ల ఎత్తున ఉంది.

గాలి లెక్క దగ్గర అది ఆగింది. కట్టడాల మీద గాలి భారం లెక్కకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసినవాళ్ళకు ఇది కాగితం మీది అంకె కాదని తెలుసు. తీరానికి దగ్గరగా ఉండే కట్టడాలకు తుపాను గుణకం ఒకటుంటుంది. మా ఇంజనీరు 1.15 తీసుకున్నారు. మిగతా గుణకాలూ కలిపితే చదరపు మీటరుకు 2.2 కిలోన్యూటన్ల ఒత్తిడి తేలింది.

1. పక్క నుంచి గాలికి ఎదురయ్యే వైశాల్యం: 12 చ.మీ.
2. మొత్తం తోపు, ఆకార గుణకం కూడా కలిపి: సుమారు 32 కిలోన్యూటన్లు, మూడు టన్నుల పైమాట.
3. 8.5 మీటర్ల బొమ్మకు, పునాది అడుగు నుంచి పడదోసే మొమెంటు (తోపును అది పనిచేసే ఎత్తుతో గుణిస్తే వచ్చేది): 32 × 7.2 = 230 కిలోన్యూటన్ మీటర్లు.

పలకల మధ్య సందులు పెంచితే గాలి దూసుకుపోతుందని నేను గట్టిగా వాదించాను. ఇంజనీరు ఒప్పుకోలేదు. పడవకు రెండు పక్కలున్నాయి. ఇవతలి పక్క సందుల్లోంచి పోయిన గాలి అవతలి పక్కను లోపలి నుంచి కొడుతుంది. సందు కొద్దిగా ఉంటే దక్కేదీ కొద్దిగానే. సందులు బాగా పెంచితే అది పడవలా కాక పశువుల దడిలా కనిపిస్తుంది. కాబట్టి సందుల ఆలోచన మానుకుని ఎత్తు తగ్గించాం. ముక్కు కొస 6.5 మీటర్లకు దిగింది, మొమెంటు 32 × 5.2 = 166కి వచ్చింది. తోపు మారలేదు, పునాది మీది భారం మాత్రం పావువంతుకు పైగా తగ్గింది. కాపీ చేసేవాళ్ళు మొదట ఆలోచించాల్సింది ఇదే.

చోటు విషయం క్లుప్తంగా చెబుతాను. తీర నియంత్రణ నిబంధనల వల్ల రోడ్డుకు సముద్రం వైపు ఆశ పెట్టుకోలేదు. ఇవతలి వైపు ఖాళీ స్థలం అడిగాం. కాగితాలకు పట్టిన కాలం పనికి పట్టిన కాలంతో పోటీపడింది.

ఖర్చు, నమూనాలు, మట్టి పరీక్ష కలిపి: ₹48,000.
ఇప్పటివరకు: ₹48,000.

## రెండో దశ: ఏ తాడుతో కుట్టాలి

ఈ శిల్పంలో చూడాల్సింది కుట్టే. అందుకే ఇనుము కొనకముందే తాళ్ళ పరీక్ష పెట్టాం. జింకు పూసిన పలక ముక్కల జతలను నాలుగు రకాల తాళ్ళతో కుట్టి, ఒడ్డుకు దగ్గరున్న ఒక డాబా మీద వేలాడదీశాం. వేసవి, ఆ తర్వాతి వర్షాకాలం అవి అక్కడే ఉన్నాయి.

కొబ్బరి తాడు, 14 మి.మీ. అందమంటే ఇదే. కొత్తలో 340 కిలోల దగ్గర తెగింది. వర్షాకాలం తర్వాత అదే చుట్టలోంచి ఎండకు పెట్టిన ముక్క 150 దగ్గరే తెగింది. పాత పడవల్లో ఇది సమస్య కాదు. వాళ్ళు పడవను విప్పి మళ్ళీ కుట్టుకునేవాళ్ళు, అది ఆ పడవ బతుకులో భాగం. రోడ్డు పక్కన తలల మీద ఉండే శిల్పానికి మాత్రం కుదరదు.

నీలం రంగు పాలీప్రొపిలీన్ తాడు, బజారులో చవకగా దొరికేది. ఎండకు పైపొర పొడిపొడిగా రాలింది. చేత్తో రుద్దితే ముళ్ళు గుచ్చుకున్నాయి.

316 రకం స్టెయిన్‌లెస్ వైరు తాడు, 6 మి.మీ. నా ఆశంతా దీని మీదే. రంధ్రం అంచు దగ్గర వంగిన చోట తీగలు ఒక్కొక్కటే తెగి బయటికి పొడుచుకొచ్చాయి. దాని కంటే పెద్ద సంగతి ఏమిటంటే, స్టెయిన్‌లెస్ తగిలిన ప్రతిచోటా జింకు తెల్ల పొడిగా మారింది. ఉప్పు నీటి తడిలో ఈ రెండు లోహాలూ తగులుకుని ఉంటే జింకు తినుకుపోతుంది. ఇది పుస్తకంలో ఉన్నదే. ఇంత తొందరగా కనిపిస్తుందని మాత్రం అనుకోలేదు.

నల్ల పాలియెస్టర్ తాడు, 14 మి.మీ. ఎండకు రంగు కాస్త బూడిదగా తిరిగింది, అంతే. ఒక టన్ను చైన్ పుల్లీతో లాగినా తెగలేదు. తడిస్తే నైలాన్‌లా సాగదు. ఇదే ఖాయం చేశాం.

అతుకు మీది గడ్డి కట్ట సంగతి ఇంకా మిగిలింది. ఇనుము మీద గడ్డి గానీ పీచు గానీ పెడితే ఉప్పు నీళ్ళు పీల్చుకుని అక్కడే ఉంచుతుంది, పైకి కనిపించకుండా లోపల తినేస్తుంది. బోర్లకు వేసే 40 మి.మీ. నల్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు దాని బదులు పెట్టాం. అందులో కలిపే నల్లటి కార్బన్ వల్ల ఎండకు తట్టుకుంటుంది. దూరం నుంచి చూస్తే గడ్డి చుట్ట లాగానే ఉంది. పైపు బయటి వైపు మాత్రమే. లోపలి వైపు అతుకు 12 మి.మీ. సందుతో తెరిచే ఉంటుంది, నీళ్ళు నిలవకుండా.

కుట్టు నమూనా చూడ్డానికి ఒడ్డున పడవలు బాగుచేసే తాతను తీసుకొచ్చాం. మేం తాడును మెలికపెట్టి బిగించిన తీరు చూసి ఆయన ముఖం చిట్లించాడు.

"ఇంత బిగదియ్యొద్దు బాబూ. కెరటం కొట్టినప్పుడు పలక ఆడాల. ఆడకపోతే ఇరిగిపోద్ది."

"ఇది నీళ్ళలోకి వెళ్ళదు తాతా," అన్నాను.

"గాలి కెరటం కాదేటి?"

డిజైను ఆ మాటతో మారింది. అంతవరకు పలకలను లోపలి చట్రానికి వెల్డింగ్ చేసి, పైన తాడును ఊరికే అలంకారంగా చుట్టాలనుకున్నాం. ఇప్పుడు పలకలు చట్రానికి బోల్టులతో, పొడవాటి రంధ్రాల్లో కూర్చుంటాయి. ఎండకు సాగడానికి, గాలికి కదలడానికి వాటికి వీలుంటుంది. బరువు మోసేది బోల్టులు. అంచులు ఒకదానికొకటి కొట్టుకోకుండా పట్టి ఉంచేది కుట్టు. తెగినా ఏ పలకా కింద పడదు, విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు.

## మూడో దశ: ఇనుము, గాల్వనైజింగ్

కార్టెన్ ఉక్కు, అంటే పైన పట్టే తుప్పు పొరే కాపాడే రకం, వాడమని సలహాలు వచ్చాయి. ఉప్పు గాలిలో దాని తుప్పు పొర నిలకడగా కట్టదు, పొరలు పొరలుగా రాలుతూనే ఉంటుంది. ఒడ్డున అది వద్దు. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటుకు గాల్వనైజింగ్, అంటే వేడి జింకు పూత, దాని మీద పెయింటు అని నిర్ణయించాం.

మొదట 4 మి.మీ. ప్లేటు కోశాం. మొత్తం 35 చ.మీ. ప్లేటుకు 1,100 కిలోలు సరిపోతుందని లెక్క. మొదటి లాటు జింకు తొట్టి నుంచి తిరిగొచ్చేసరికి మెలికలు తిరిగి ఉంది. మూడు మీటర్ల పలక మీద నిటారు బద్ద పెడితే మధ్యలో 22 మి.మీ. వెలితి. తొట్టిలో జింకు 450 డిగ్రీల వేడి. అంచుకు మేం వెల్డింగ్ చేసిన మందపాటి బద్ద ఒకలా, పలచటి ప్లేటు ఒకలా సాగి, ఆరేటప్పుడు ఒకదాన్నొకటి లాక్కున్నాయి. సుత్తితో సరిచేద్దామంటే పూత చిట్లుతుంది. లాటు మొత్తం పక్కన పెట్టేశాం.

మార్చినవి:

1. ప్లేటు 6 మి.మీ. బరువు 1,650 కిలోలైంది. ఈ మందంలో జింకు కూడా బాగా పడుతుంది.
2. అంచు బద్దలు తీసేసి, ప్లేటునే రోలరులో వంచాం. ఆ వంపే బిగువు ఇస్తుంది.
3. తొట్టి పొడవు 7 మీటర్లే కాబట్టి ప్రతి పలక రెండు ముక్కలు. అసలు పడవల్లోనూ పలకలు ముక్కలుగానే ఉండేవి, అందువల్ల చూపుకు నష్టం లేదు.
4. రంధ్రాలన్నీ జింకు పూతకు ముందే. తర్వాత డ్రిల్లు పెడితే ఆ అంచు బోడిగా మిగులుతుంది. రంధ్రం 24 మి.మీ., అందులో 22 మి.మీ. నైలాన్ బుష్ (తాడు ఇనుముకు రాసుకోకుండా దించే తొడుగు), లోపల తాడుకు 16. రంధ్రాల అంచులు గ్రైండరుతో గుండ్రం చేశాం. కుట్టు రంధ్రాలు సుమారు 1,130.
5. చట్రంలోని ప్రతి పైపుకీ రెండు కొసల్లో గాలి రంధ్రాలు. ఇది ప్రాణాలకు సంబంధించినది. మూసిన పైపులో తడి ఉండి తొట్టిలో ముంచితే ఆవిరితో పేలుతుంది.

బరువులు: పలకలు 1,650, చట్రం 610, నిలబెట్టే కాళ్ళు 490. మొత్తం 2,750 కిలోలు.

ఇక పెయింటు. గాల్వనైజింగ్ వాళ్ళు తెల్ల మరక రాకుండా చివర్లో ఒక రసాయనంలో ముంచి పంపారు. వాళ్ళ అలవాటది, మేం అడగలేదు కూడా. ఆ మెరుపు మీద ఎపాక్సీ పెయింటు నిలబడలేదు. వేలి గోరుతో గీకితే అరిటాకంత ముక్క ఊడొచ్చింది. మొత్తం గీకించి, సన్నటి గార్నెట్ పొడిని గాలి ఒత్తిడితో కొట్టి తేలికగా బ్లాస్టింగ్ చేయించాం, జింకు పోకుండా పైన గరుకు మాత్రం వచ్చేలా. గార్నెట్ మన తీరం ఇసుకలోనే ఉండే ఖనిజం. ఈ బ్లాస్టింగ్ పొదుపుగా చేయగల మనిషి దొరకడం కష్టం, అలవాటు కొద్దీ తుప్పు ఇనుముకు కొట్టినట్టు కొడితే సగం జింకు ఎగిరిపోతుంది.

పూత మందం కొలిచే ఎల్కోమీటరు కొలతల సగటు: జింకు 92 మైక్రాన్లు, ఎపాక్సీ 120, పైన పాలీయురేథేన్ 60. మొత్తం 272. సముద్రపు గాలి సోకే చోట, సీ5 అనే తరగతిలో, జింకు ఏడాదికి 4 నుంచి 8 మైక్రాన్ల దాకా పోతుంది. కెరటాల తుంపర నేరుగా పడే చోట ఇంకా ఎక్కువ. పెయింటు పాడైనా జింకు కొన్నేళ్ళు కాస్తుందన్నది లెక్క.

ఇనుము, తయారీ, వృథా అయిన లాటుతో: ₹4,50,000. ఇప్పటివరకు: ₹4,98,000.
జింకు, రవాణా, రెండోసారి పెయింటుతో: ₹2,08,000. ఇప్పటివరకు: ₹7,06,000.

## నాలుగో దశ: పునాది

3.6 × 3.6 మీటర్లు, మందం 0.5. కాంక్రీటు 6.5 ఘనపు మీటర్లు, బరువు 16 టన్నుల పైన. శిల్పం బరువూ కలిపి నిలువరించే మొమెంటు 335 దాకా వచ్చింది, పడదోసేది 166. రెండింతలు.

గొయ్యి 1.2 మీటర్లు తవ్వాలనుకున్నాం. 1.1 దగ్గరే నీళ్ళు ఊరాయి, పోటు సమయంలో ఇంకాస్త పైకి. ఇసుక గోడలు కూలుతుంటే పంపు పెట్టి లాభం లేదు, నీళ్ళతో పాటు ఇసుకనూ లాక్కొస్తుంది. పునాది అడుగును ఒక మీటరు లోతుకే తెచ్చాం. అందువల్ల మొమెంటు కూడా 160కి తగ్గింది. చుట్టూ పూడ్చే మట్టి బరువును లెక్కలో వేసుకోలేదు, అది అదనపు ధైర్యం.

కాంక్రీటు ఎం35 గ్రేడు, స్లాగ్ సిమెంటు, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకుండా, చువ్వల మీద 75 మి.మీ. కాంక్రీటు కవరు. అక్కడి బోరు నీళ్ళను పరీక్షకు పంపితే లీటరుకు 1,900 మిల్లీగ్రాముల క్లోరైడు అని వచ్చింది. చువ్వలున్న కాంక్రీటుకు 500 మించకూడదు. ట్యాంకరు నీళ్ళు తెప్పించాం. క్యూరింగ్‌కు, అంటే గట్టిపడే కాంక్రీటును తడపడానికి మాత్రం బోరు నీళ్ళు కొట్టబోతే మేస్త్రి చేతిలో గొట్టం లాక్కోవాల్సి వచ్చింది. "నీళ్ళే కదండీ" అన్నాడు.

ఫౌండేషన్ బోల్టులను కాంక్రీటులో నేరుగా పాతలేదు. చతురస్రపు గుంటలు వదిలి, బేస్ ప్లేటు కూర్చోబెట్టి లెవెల్ చూసుకున్నాకే, కుంచించుకుపోని గ్రౌటు (జారుగా ఉండే సిమెంటు ముద్ద) పోశాం. వంకరగా లేచిన బోల్టును సరిచేసే బాధ ఈ పద్ధతిలో ఉండదు.

ఖర్చు: ₹1,64,000. ఇప్పటివరకు: ₹8,70,000.

## ఐదో దశ: కుట్టు

అతుకులు పది, ఒక్కోటి సగటున 8.5 మీటర్లు. తాడు 520 మీటర్లు పట్టింది. పని నేల మీదే, పడవను దిమ్మెల మీద పెట్టి చేశాం. పైకెత్తాక ఇది చేయలేం.

1. బుష్‌లు దించాలి. బిగుతుగా ఉంటే రంధ్రం పెంచకూడదు, బుష్‌ను గరుకు కాగితంతో తగ్గించాలి.
2. హెచ్‌డీపీఈ పైపును అతుకు మీద పెట్టి, మీటరుకొక చోట తాత్కాలికంగా కట్టాలి.
3. లోపల ఒకరు, బయట ఒకరు. తాడు పైపు మీదుగా ఏటవాలుగా వెళ్ళి, తిరుగు వరుసలో అడ్డంగా వచ్చి, ఇంటూ గుర్తు పడాలి.
4. చేతి బలంతో లాగితే చాలు. చైన్ పుల్లీ వాడొద్దు.
5. ప్రతి రెండు మీటర్లకు తాడును ముడివేసి ఆపాలి. కొత్త ముక్క అక్కడి నుంచి.

ఐదోది మొదట లేదు. ఒక అతుకంతా ఒకే తాడుతో కుట్టాం. ఒకచోట తాడు ప్లేటు అంచుకు రాసుకుని తెగితే, దాని పక్కన మొత్తం వదులైంది. ఇప్పుడు ఎక్కడ తెగినా నష్టం రెండు మీటర్లే.

తాత రోజూ వచ్చి కూర్చునేవాడు. ఆయన చేత్తో వేసిన వరుస, మావాళ్ళు వేసిన వరుస పక్కపక్కనే ఉన్నాయి. చూస్తే తెలిసిపోతుంది, చెప్పక్కర్లేదు.

తాడు, బుష్‌లు, పైపు, కూలి: ₹96,000. ఇప్పటివరకు: ₹9,66,000.

## ఆరో దశ: నిలబెట్టడం

హైడ్రా క్రేన్ చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. పక్కన పెట్టేసిన 4 మి.మీ. పలకలు ఇక్కడ అక్కరకొచ్చాయి, రెండేసి పొరలుగా పరిచి క్రేన్‌ను నడిపాం. ఎత్తడానికి గొలుసుల బదులు బట్ట బెల్టులు వాడాం, పెయింటు కోసం. అయినా రెండు చోట్ల చెక్కుకుంది. అక్కడ జింకు పెయింటు వేసి పైపూతలు మళ్ళీ వేశాం.

కాళ్ళను మొదట కెరటం ఆకారంలో వంపు ప్లేటుగా గీశాం. అట్ట నమూనా చూపిస్తే మా వెల్డరు కొడుకు "జారుడు బల్లా?" అన్నాడు. వంపు తీసేసి ఏటవాలు పైపులు రెండు జతలు పెట్టాం. పడవ అడుగు అంచు నేలకు 2.4 మీటర్ల పైన ఉంది, పిల్లలకు అందదు. పైపుల మీదికి పాకే ప్రయత్నాలు మాత్రం మొదటి ఆదివారమే మొదలయ్యాయి. మెడ ఎత్తున చుట్టూ నున్నటి ప్లేటు తొడుగు వేశాం, దాంతో తగ్గాయి.

దీపాల కోసం రెండు ఫ్లడ్‌లైట్లు కొన్నాం, వాడలేదు. ఈ తీరాన చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికొచ్చాక వెలుతురు వైపు నడుస్తాయి. రోడ్డు దీపాలకే దారి తప్పుతుంటే ఇంకో వెలుగు ఎందుకని ఆగాం. ఎర్తింగ్ పట్టీ మాత్రం తప్పనిసరి, వేశాం.

ఖర్చు: ₹58,000. మొత్తం: ₹10,24,000.

## ఏడాది తర్వాత చూసినవి

పైవైపు బాగుంది. పాడవుతున్నది అడుగు భాగం. వాన అక్కడ పడదు కాబట్టి ఉప్పు కడగబడదు. పెయింటు మీద తెల్లటి పొర, రెండు బోల్టుల చుట్టూ జింకు తెల్ల పొడి కనిపించాయి. నెలకోసారి మంచినీళ్ళతో అడుగు నుంచి కడగడం పెట్టుకున్నాం. ఒడ్డున శిల్పం పెట్టేవాళ్ళు ముందే దగ్గర్లో ఒక కుళాయి పాయింటు అడిగి తీసుకోండి. మేం అడగలేదు, ఇప్పుడు ట్యాంకరు పిలుస్తున్నాం.

గాలి గట్టిగా ఉన్న రాత్రుళ్ళు టకటకమని చప్పుడు వస్తుందని పక్కనున్న టీ కొట్టు ఆవిడ చెప్పింది. వెతికితే ముక్కు దగ్గర నాలుగో పలక బోల్టులో నైలాన్ వాషరు పగిలి ఉంది. మార్చితే చప్పుడు ఆగింది. మిగతా వాషర్లన్నీ హెచ్‌డీపీఈవి వేయాలి.

కుట్టులో సముద్రం వైపు పై అతుకు ఒక్కటే కాస్త వదులైంది. రెండు మీటర్ల ముక్క విప్పి మళ్ళీ కుట్టడానికి ఇద్దరు మనుషులకు ఒక పూట సరిపోయింది, ఖర్చు తాడుకే. వచ్చే వేసవిలోపు ఆ పక్క మిగిలిన ముక్కలు, అడుగు బోల్టుల వాషర్లు మార్చాలి. అందుకు 60 మీటర్ల తాడు, 80 వాషర్లు తీసి షెడ్డులో ఉంచాం.